మెట్రోను ముంచింది మేమేనా?

హైదరాబాదు మెట్రో నష్టాలకు ఆడవాళ్ళ ఉచిత బస్సు ఒక కారణమట. 2024 మే నెలలో మెట్రో కట్టి నడుపుతున్న ఎల్ అండ్ టి సంస్థ ఆర్థిక విభాగం అధిపతి ఆర్. శంకర్ రామన్ ఒక టీవీ ఇంటర్వ్యూలో ఈ మాట అన్నారు. అదే నెలలో ప్రధాని నరేంద్ర మోదీ కూడా, ఒక పక్క మెట్రో కట్టి ఇంకో పక్క ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేస్తే మెట్రోకు సగం మంది ప్రయాణికులు పోతారని ఎన్నికల ఇంటర్వ్యూలో చెప్పారు. కంపెనీ వారూ, దేశాన్ని ఏలేవారూ ఒకే నెలలో ఒకే మాట అన్నారంటే మనం ఉలిక్కిపడి వినాలి. ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి ఒకావిడ. ఇక్కడ ఆడలేనిది వేల కోట్ల కంపెనీ. ఓటిదన్న పేరు మాత్రం జీరో టికెట్టు చేతపట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడే ఆడదానికి వచ్చింది.

నేను సూర్యాపేటలో ఉంటాను. సంఘం పని మీద కోదాడకు, మిర్యాలగూడకు తిరుగుతుంటాను, నెలకు రెండుసార్లయినా హైదరాబాదు పోతాను. ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు పనికి పోయిన ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అక్కడి ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు, హాస్టళ్ళలో వంట చేసేవాళ్ళు, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని, పిల్లల పని చేసేవాళ్ళు, షాపింగ్ మాల్‌లో రోజంతా నిలబడి బట్టలు మడతపెట్టే అమ్మాయిలు. ఇంజనీరింగ్ చదివి కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలూ ఉన్నారు. వీళ్ళలో ఉచితం వచ్చిందని మెట్రో మానేసి బస్సెక్కిన మనిషి కోసం నేను వెతికాను. ఇంజనీరింగ్ పిల్లలు ఇప్పటికీ మెట్రోలోనే పోతున్నారు. మిగతావాళ్ళు అసలు ఎప్పుడూ మెట్రో ఎక్కలేదు, మానేయడానికి.

హైటెక్ సిటీ పుట్టుక మనలో చాలామందికి గుర్తే. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుల మందు తాగి చనిపోయిన ఏడాది కూడా అదే. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చి హైటెక్ సిటీని చూసి పోయాడు. అయిదు నెలలు దాటగానే, ఆగస్టు 28న, కరెంటు చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ ఊరేగింపుగా వచ్చిన జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ప్రపంచ బ్యాంకు అప్పుతో సంస్కరణలు అమలవుతున్న ఆ రోజుల్లో మా నల్లగొండ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిన తల్లులు బిడ్డల్ని ఎత్తుకోలేకపోయేవారు. అద్దాల మేడల గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. ఆ అద్దాలు తుడిచేదెవరు, ఆమె ఏ ఊరి నుంచి ఏ బస్సులో వస్తుంది, పని అయ్యాక ఏ బస్సులో తిరిగి పోతుంది అన్న మాట వాటిలో వినబడలేదు.

తర్వాత ఆ ప్రాంతం ఎంత పెరిగిందో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన భూమి ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పలికింది. అంత ఖరీదైన నేల మీద హౌస్‌కీపింగ్ మనిషి ఉండగలదా? ఉండలేదు కాబట్టి దూరంగా ఉంటుంది. దూరంగా ఉంటుంది కాబట్టి ఆమె జీవితమంతా ప్రయాణం చుట్టూ తిరుగుతుంది. భూమి ధర పెరిగినకొద్దీ పనిమనిషి బస్సు ప్రయాణం పెరుగుతుందన్నది ఏ పట్టణ ప్రణాళికలోనూ రాయరు. అయినా అమలయ్యేది మాత్రం అదే.

మా వాళ్ళ ప్రయాణం ఎట్లా ఉంటుందో చెప్తాను. సూర్యాపేటకూ కోదాడకూ రైలు లేదు. విజయవాడ హైవే ఒక్కటే దిక్కు. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి ఇంకో నలభై ఎక్కువ. మిర్యాలగూడకు బీబీనగర్–నడికుడి లైను మీద రైలుంది కానీ, అది పొద్దున్నే పనిలో చేరవలసిన మనిషి కోసం నడిచే రైలు కాదు. అందుకని వీళ్ళు నగరంలోనే ఇరుకు గదులు అద్దెకు తీసుకునో, పనిచేసే హాస్టల్లోనే ఒక మూల పడుకునో కాలం గడుపుతారు. పిల్లలు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంటారు.

కోదాడ దగ్గరి పల్లెకు చెందిన ఒకామె గచ్చిబౌలిలో హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లేడు. నన్ను "అక్కా" అని పిలుస్తుంది కానీ నాకంటే రెండేళ్ళు పెద్దదే. ఆమె చెప్పింది: "ముందు రెండు నెలలకొక్కపారి వచ్చేదాన్నక్కా. రానుపోను నాలుగొందలైతుండె. బిడ్డకేమన్న కొనుకపోవాలెనాయె. చిన్నదైతే నన్ను జూసి అమ్మమ్మ ఎనక దాక్కునేది. ఇప్పుడు పదిహేను దినాలకొకపారి వస్తున్న. బస్సు దిగంగనే ఉరికొస్తది."

ప్రభుత్వం వారి లెక్కల్లో ఇది జీరో టికెట్టు. విమర్శించేవారి నోట్లో ఇది ఉచితం, తాయిలం, ఓట్ల బిచ్చం. బిడ్డ తల్లిని గుర్తుపట్టడానికి ఏ పద్దు కింద ఎంత రాయాలో ఆర్థికవేత్తలే చెప్పాలి.

ఇక మెట్రో సంగతి. మా రోడ్డు నగరంలో ప్రవేశించేది ఎల్.బి. నగర్ దగ్గర. ఎల్.బి. నగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో 2018 సెప్టెంబరు 24న వచ్చింది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చి 20న, అక్కడి నుంచి రాయదుర్గానికి అదే ఏడాది నవంబరు 29న. అంటే కాగితం మీద మా బస్సు దిగిన చోటి నుంచి పని చేసే చోటి దాకా దారి ఉన్నట్టే. కానీ మొదటి బండి ఉదయం ఆరింటికి. ఆఫీసు తెరిచే లోపల నేల తుడిచి, బాత్‌రూములు కడిగి పెట్టవలసిన మనిషి ఆరింటికి బండెక్కితే ఆ రోజు జీతం పోయినట్టే. రాయదుర్గం దాటితే మెట్రో లేదు. గచ్చిబౌలికీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కూ షేర్ ఆటో ఎక్కాల్సిందే. 2025 మేలో మెట్రో గరిష్ఠ చార్జీని 60 నుంచి 75 రూపాయలకు పెంచి, జనం మండిపడ్డాక పది శాతం తగ్గించి 69 చేశారు. గరిష్ఠ చార్జీతో రోజూ రానుపోను తిరిగే మనిషికి నెలకు 26 రోజుల పనికి 3,588 రూపాయలు. ఆటో ఖర్చు వేరే. అలాంటి మెట్రో మా ఆడవాళ్ళు రాలేదని నష్టపోయిందంటే, నగల దుకాణం పక్కనున్న రేషను షాపు వల్ల తనకు బేరం పోయిందని ఏడ్చినట్టుంది.

ప్రజా రవాణాను ఈ రాష్ట్రం ఎట్లా చూసిందో తెలియాలంటే 2019 నవంబరు చివరి వారాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. ఆర్టీసీ కార్మికులు అక్టోబరు 5న మొదలుపెట్టిన సమ్మె 52 రోజులు నడిచింది. దాదాపు 48 వేల మంది జీతాల్లేకుండా రోడ్డు మీద ఉన్నారు. పనిలోకి రానివారు తమను తామే తొలగించుకున్నట్టని ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. నవంబరు 25న సమ్మె విరమించారు. 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర, పత్రికలు దిశ అని పిలిచిన పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. 29న రాయదుర్గం మెట్రో స్టేషన్ తెరిచారు. డిసెంబరు 1న ముఖ్యమంత్రి ఆర్టీసీ ఉద్యోగులతో సమావేశమై, మహిళా ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వేయవద్దన్నారు. 3 నుంచి ఆర్టీసీ చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. 6న తెల్లవారుజామున నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. వాళ్ళను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది.

పదకొండు రోజుల్లో ఇన్ని జరిగాయి. ఆడవాళ్ళ భద్రత పేరుతో తుపాకీ పేలింది, ఆడ కండక్టరు రాత్రి ఇంటికి పోయింది, బస్సు టికెట్టు పెరిగింది. రాత్రి పదింటికి ఇంటికి చేరవలసిన ఆడమనిషి కోసం ఒక్క బస్సు పెరిగిందా? పెరగలేదు సరిగదా, సమ్మె తర్వాత నగరంలో వందల సిటీ బస్సులను తగ్గించారు. రాత్రి బస్సులో కండక్టరుగా ఒక ఆడమనిషి ఉంటే ఎక్కే ఆడవాళ్ళకు ఎంత ధైర్యమో మనకు తెలుసు. ప్రమాదం రాత్రిలో ఉందనుకున్నారు కాబట్టి రాత్రి నుంచి ఆడవాళ్ళనే తీసేశారు. మన సంఘాలన్నీ ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నది దీని మీదే.

2013 అక్టోబరులోనూ ఇంతే. మాదాపూర్‌లో ఇంటికి పోవడానికి బండి కోసం నిలబడ్డ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. దాని తర్వాత, 2014 అక్టోబరులో షీ టీములు వచ్చాయి, క్యాబులకు నిబంధనలు వచ్చాయి, కంపెనీలు రాత్రి షిఫ్టు ఉద్యోగినులకు కారు ఏర్పాటు మీద శ్రద్ధ పెట్టాయి. మంచిదే. కానీ అదే కంపెనీలో, అదే అంతస్తులో, రాత్రి పదకొండింటికి నేల తుడిచి బయటికి వచ్చే మనిషి కంపెనీ ఉద్యోగి కాదట, కాంట్రాక్టరు మనిషట. ఆమెకు కారు లేదు. గేటు దాటితే ఆమె భద్రత ఆమె ఖర్మ.

ఈ ఖర్మ చట్టంలో లేదు, గుర్తుంచుకోండి. పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఉద్యోగి అంటే ఏజెంటు ద్వారా, కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నవాళ్ళు కూడా. రోజు కూలీ కూడా. పనిస్థలం అంటే యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా. ఇంటిపని చేసేవారికి ఆ ఇల్లు కూడా పనిస్థలమే. పదిమంది లోపు పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలో ఉండవలసిన స్థానిక కమిటీకి మూడు నెలల లోపు రాసివ్వవచ్చు. హాస్టల్ వంటమనిషికి పనికొచ్చేది ఈ నిబంధనే. మన దగ్గర చాలామంది కార్యకర్తలు ఈ చట్టం ఆఫీసు చదువులున్న వాళ్ళ కోసమని అనుకుని వదిలేస్తున్నారు. ఇంటిపని, వంటపని చేసేవాళ్ళ సమావేశాల్లోనే దీన్ని ముందు చదివి వినిపించాలి.

2023 డిసెంబరు 9న ఉచిత ప్రయాణం మొదలైంది. పేరు మహాలక్ష్మి. (మనకు హక్కు ఇవ్వవలసి వచ్చినప్పుడల్లా ముందు దేవతను చేస్తారెందుకో.) ఇది తెలంగాణలో పుట్టింది కాదు. 2019 అక్టోబరులో ఢిల్లీ, 2021లో తమిళనాడు, 2023 జూన్‌లో కర్ణాటక ఇచ్చాయి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ కూడా ఇచ్చింది. మా దగ్గర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకూ, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకూ వర్తిస్తుంది. మొదలైన నాటి నుంచి వెక్కిరింతలే. కాలక్షేపానికి తిరుగుతున్నారన్నారు, కూరగాయలకు కూడా పక్క ఊరికి పోతున్నారన్నారు. ఎల్లిపాయలు వొలుచుకుంటూ బస్సులో కూర్చున్న ఆడవాళ్ళ వీడియోలు తీసి తిప్పారు. 2024 ఆగస్టులో మాజీ మంత్రి కె.టి. రామారావు, బస్సుల్లో బ్రేక్ డాన్సులు, రికార్డింగ్ డాన్సులు చేసుకోమని ఎగతాళి చేసి, గొడవయ్యాక విచారం ప్రకటించారు. మహిళా కమిషన్ ముందుకు కూడా వెళ్ళవలసి వచ్చింది.

నన్నడిగితే ఎల్లిపాయలు వొలుచుకునే ఆ మనిషికే ఒక దండం పెట్టాలి. మూడు గంటల ప్రయాణంలో కూడా ఆమె చేతులకు విశ్రాంతి లేదు. ఇంటికి పోయాక చేయవలసిన పని బస్సులోనే ముగించుకుంటోంది. అదే బస్సులో కాళ్ళు చాపి నిద్రపోయే మగాణ్ణి ఎవరూ వీడియో తీయలేదు. కూరగాయలకు పక్క ఊరికి పోతే తప్పా? మగవాళ్ళు చాయ్ తాగడానికి హైవే హోటలు దాకా బండి మీద పోతే అది ఎవరికీ తప్పనిపించదు. ఆడమనిషి పని లేకుండా కూడా ఇల్లు కదలవచ్చు. చెల్లెను చూడడానికి పోవచ్చు, ఊరికే పోవచ్చు. కదలిక అనేది ఇంటాయన దగ్గర చిల్లర అడుక్కుంటే గాని దొరకని వస్తువుగా ఇన్నాళ్ళూ ఉంది. అది పోవడమే చాలామందికి గిట్టలేదు. ఒకామె నాతో అన్నది: "ఇప్పుడు ఏడికి పోతున్నవని అడుగుతడు గని, పైసలెక్కడియని అడుగడు."

డబ్బు సంగతి ఒకసారి చూద్దాం. 2025 జూలై నాటికి జీరో టికెట్లు 200 కోట్లు దాటాయనీ, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలనీ ప్రభుత్వం ప్రకటించి సంబరాలు చేసింది. అంటే ఒక్కో ప్రయాణానికి సగటున 33 రూపాయలు. కోకాపేటలో ఒక్క ఎకరం ధరతో ఇలాంటివి మూడు కోట్ల ప్రయాణాలు చేయవచ్చు. రెండు నెలలు తిరిగాయో లేదో, సెప్టెంబరులో, మెట్రోను ఎల్ అండ్ టి నుంచి తీసుకోవడానికి ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు 13 వేల కోట్ల అప్పు నెత్తికెత్తుకోవడానికి, కంపెనీ వాటా కింద ఇంకో రెండు వేల కోట్లు ఇవ్వడానికి. మెట్రో ప్రభుత్వం చేతికి రావడం మీద నాకు అభ్యంతరం లేదు, ప్రజా రవాణా ప్రజల చేతిలోనే ఉండాలి. కానీ ఏడాదిన్నర పాటు రాష్ట్రంలోని ఆడవాళ్ళంతా తిరిగిన దానికి రెట్టింపు కంటే ఎక్కువ మొత్తం ఒక కంపెనీ ఒడ్డున పడడానికి వెచ్చిస్తుంటే, దాన్ని ఎవరూ తాయిలం అనలేదు. సర్దుబాటు అన్నారు. మాట ఎవరి చేతిలో ఉందో చూడండి.

ఇదంతా రాసి, ఉచిత బస్సు బ్రహ్మాండంగా ఉందని చెప్తే అబద్ధమాడినట్టే. ఉచితమైంది టికెట్టు మాత్రమే. దానికి తగినన్ని బస్సులు పెరగలేదు. ఆడవాళ్ళ గుంపు కనబడితే స్టేజీ దాటించి ఆపుతారు, లేకపోతే ఆపరు. ముసలమ్మ ఉరికి ఎక్కాలి. కండక్టరుది కూడా తప్పనలేను, యాభై మంది సీట్ల బస్సులో తొంభై మందికి ఆధార్ కార్డు చూసి టికెట్టు కొట్టాలి. ఆమె కూడా ఆడదే అయితే తిట్లు రెండింతలు. శనివారం సాయంత్రం ఎల్.బి. నగర్‌లో నిలబడి చూడండి, ఎక్స్‌ప్రెస్ ఒకటి వస్తే సూపర్ లగ్జరీలు వరసగా వస్తాయి. వాటిలో జీరో టికెట్టు చెల్లదు. దసరాకు, సంక్రాంతికి స్పెషల్ బస్సులని బోర్డు పెట్టి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. బిడ్డలకు కొత్తబట్టలు తీసుకుని వచ్చే పండగ రోజే తల్లి పూర్తి చార్జీ కన్నా ఎక్కువ కట్టాలి. కోదాడ దాటి సరిహద్దు అవతల జగ్గయ్యపేటలో పుట్టిల్లున్న ఆడపడుచుకు రెండు రాష్ట్రాల్లోనూ ఉచితమే గానీ, రెంటినీ కలిపే బస్సులో మధ్యలో ఉచితం ఆగిపోతుంది.

మరుగుదొడ్డి గురించి చెప్పకుండా ఉండలేను. మా మూడు పట్టణాల్లో ఏదని చెప్పను, ఒక బస్టాండులో మగవాళ్ళకు మూత్రశాల ఉచితం, మాకు డబ్బు. అడిగితే "మీకు బస్సు ఫ్రీయే కదమ్మా" అని నవ్వాడు గల్లా దగ్గరి మనిషి. ఆ భయంతోనే మా వాళ్ళు ప్రయాణం ఉన్న రోజు పొద్దుటి నుంచి నీళ్ళు తాగరు.

ఆటో డ్రైవర్ల మాట కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఉచిత బస్సు వచ్చాక వాళ్ళ బేరాలు పడిపోయాయి, వాళ్ళ భార్యలు మన సంఘాల్లోనే సభ్యులు. ఏడాదికి 12 వేలు ఇస్తామని ఎన్నికల్లో కాంగ్రెసు వాగ్దానం చేసింది. దాన్ని అమలు చేయమని వాళ్ళతో కలిసి మనమే అడగాలి. ఆడవాళ్ళ బస్సునూ ఆటో కుటుంబాల పొట్టనూ ఎదురుబొదురు నిలబెట్టి తమాషా చూసే వాళ్ళకు ఆ అవకాశం ఇవ్వకూడదు.

ఇప్పుడు మెట్రో రెండో దశ మాటలు నడుస్తున్నాయి. 2024 నవంబరులో కేంద్రానికి పంపిన 76.4 కిలోమీటర్ల ప్రతిపాదనలో రాయదుర్గం నుంచి కోకాపేటకు 11.6 కిలోమీటర్లు, మా వైపు ఎల్.బి. నగర్ నుంచి హయత్‌నగర్‌కు 7.1 కిలోమీటర్లు ఉన్నాయి. మొత్తం అంచనా 24,269 కోట్లు. ఆ దశకు ప్రజాభిప్రాయం ఎక్కడ అడిగినా మనం పోయి కొన్ని మాటలు నమోదు చేయించాలి. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఎల్.బి. నగర్–గచ్చిబౌలి మధ్య ఆర్డినరీ బస్సు ఉండాలి. రాత్రి చివరి బండి దిగిన చోట బస్సు సిద్ధంగా ఉండాలి. జీరో టికెట్టు మెట్రోలోనూ చెల్లాలి, కనీసం తక్కువ జీతాల వాళ్ళకు. కాంట్రాక్టు కార్మికురాళ్ళ రాత్రి ప్రయాణ బాధ్యత ఆ భవనం యజమాని మీద పెట్టాలి.

అంతకంటే ముందు చేయగలిగింది మన ఊళ్ళోనే ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. ఒక్కో డిపో మేనేజరుకు సమాచార హక్కు కింద ఒక్కో దరఖాస్తు పెడదాం, రుసుము పది రూపాయలు. అడగవలసినవి ఇవి: 2023 నవంబరులో ఈ డిపో నుంచి రోజుకు ఎన్ని పల్లెవెలుగు, ఎన్ని ఎక్స్‌ప్రెస్ ట్రిప్పులు నడిచాయి, ఇప్పుడు ఎన్ని? ఈ రెండేళ్ళలో ఏయే ఊళ్ళకు బస్సు ఆపేశారు? హైదరాబాదుకు మొదటి, చివరి ఎక్స్‌ప్రెస్ ఎప్పుడు? బస్టాండు మరుగుదొడ్డి కాంట్రాక్టు ఎవరిది, అందులో ఆడవాళ్ళ మూత్రశాలకు డబ్బు వసూలు చేయవచ్చని రాసుందా? కలెక్టరు కార్యాలయానికి ఇంకొకటి: లైంగిక వేధింపుల స్థానిక కమిటీ సభ్యులెవరు, నిరుడు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి? సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లా, కాబట్టి ఇవి రెండు వేర్వేరుగా పెట్టాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబుల నకళ్ళు పత్రిక చిరునామాకు పంపండి, వచ్చే సంచికలో పక్కపక్కన వేసి చూద్దాం.